‘ఫుడ్ గ్రేడ్’ అనే గ్రేడు లేదు

పాలకు ఒక స్టీలు, చింతపండు గుజ్జుకు ఒక స్టీలు, ఆవకాయకు అసలు స్టీలే వద్దు. రాయ్‌పూర్ శివార్లలోని ఇనుప షెడ్లు ఇప్పుడు ఈ లెక్క నేర్చుకోక తప్పదు

రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ రోడ్డు పట్టుకుంటే నగరం పూర్తిగా వెనకబడక ముందే భన్‌పురి వస్తుంది. అక్కడి నుంచి ఉర్లా, సిల్తరా దాకా పండేది ఇనుమే. స్పాంజ్ ఐరన్ బట్టీలు, ఇండక్షన్ ఫర్నేసులు, ఎర్రగా కాలిన దిమ్మెలను సాగదీసే రోలింగ్ మిల్లులు, వాటి నీడలో వెల్డింగ్ షాపులు. చెట్ల ఆకుల మీద కూడా సన్నటి నల్లపొడి పేరుకుంటుంది. ఇక్కడ తయారయ్యేది చాలావరకు మైల్డ్ స్టీలు. ఇళ్ల స్లాబుల్లోకి వెళ్లే చువ్వలు, షెడ్లకు వాడే యాంగిళ్లు, చానెళ్లు. తళతళలాడే స్టెయిన్‌లెస్ స్టీలు ఈ ప్రాంతానికి చుట్టం లాంటిది. దేశంలో దాన్ని పెద్ద ఎత్తున కరిగించి షీట్లుగా మార్చేది ఒడిశాలోని జాజ్‌పూర్, హర్యానాలోని హిస్సార్, తమిళనాడులోని సేలం లాంటి చోట్ల. అక్కడి నుంచి చుట్టలుగా లారీల్లో రావలసిందే.

ఈ చుట్టంతో పని మాత్రం పెరుగుతోంది. 2000 నవంబరు 1న పుట్టిన ఛత్తీస్‌గఢ్ ఇప్పుడు ధాన్యాన్నీ ఖనిజాన్నీ మాత్రమే అమ్మే రాష్ట్రం కాదు. బస్తర్ చింతపండు, అడవి తేనె, ఇప్పపూలు, తవుడు నూనె, పాలు ప్యాకెట్లుగా, డ్రమ్ములుగా బయటకు వెళుతున్నాయి. ఆసియాలోనే అతి పెద్దదిగా చెప్పుకునే చింతపండు మార్కెట్ జగదల్‌పూర్‌లో ఉంది. ఈ సరుకును నింపడానికి, మోయడానికి, నిల్వ చేయడానికి క్యాన్లు, డ్రమ్ములు, ట్యాంకులు కావాలి.

నిన్నటి దాకా గేట్లు, షెడ్లు కట్టిన వర్క్‌షాపుకు అలాంటి ఆర్డరు ఒకటి వచ్చిందనుకుందాం. కాగితం మీద ‘ఫుడ్ గ్రేడ్ ఎస్ఎస్ డ్రమ్ములు’ అని ఉంటుంది. షాపు యజమాని స్టాకిస్టు దగ్గరికి వెళతాడు. అక్కడ ఎదురయ్యే మొదటి ప్రశ్న: ఏ గ్రేడు? జె4 ఉంది, 202 ఉంది, 304 ఉంది, 316 కావాలంటే తెప్పించాలి. పక్కపక్కన పెడితే నాలుగూ ఒకేలా మెరుస్తాయి. కిలోకు ధరలో మాత్రం పదుల రూపాయల తేడా. టన్నుల లెక్కన కొనేవాడికి అది లాభమా నష్టమా తేల్చేంత తేడా. ‘ఫుడ్ గ్రేడ్’ ఏదని అడిగితే స్టాకిస్టు ఏ షీటు మీదైనా చెయ్యి పెట్టగలడు. అది పూర్తిగా అబద్ధమూ కాదు, నిజమూ కాదు. ఎందుకంటే ఆ పేరుతో లోహశాస్త్రంలో గ్రేడంటూ ఏదీ లేదు.

పొర కథ

స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టని ఇనుమేమీ కాదు. తుప్పు పట్టడంలో మరో దారి పట్టిన ఇనుము. కనీసం 10.5 శాతం క్రోమియం కలిస్తే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఉపరితలం మీద కంటికి కనిపించని పొర ఏర్పడుతుంది. మందం కొన్ని నానోమీటర్లే. గీత పడితే గాలి తగలగానే మళ్లీ అల్లుకుంటుంది. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో తుపాకీ గొట్టాల అరుగుదల గురించి ప్రయోగాలు చేస్తున్న హ్యారీ బ్రియర్లీ 1913లో దాదాపు 13 శాతం క్రోమియంతో పోత పోసినప్పుడు ఈ గుణం బయటపడింది. ఇంచుమించు అదే కాలంలో జర్మనీలోని క్రుప్ సంస్థ క్రోమియంతో పాటు నికెల్ కూడా కలిపిన రకాన్ని తయారు చేసింది. నేటి 304కి ముత్తాత అదే.

304లో క్రోమియం 18 శాతం పైన, నికెల్ 8 శాతం పైన. గిన్నెల అడుగున కనిపించే 18/8 అంకెల అర్థం ఇదే. దీనికి 2 నుంచి 3 శాతం మాలిబ్డినం కలిపి, నికెల్‌ను మరికాస్త పెంచితే 316. ఉప్పును తట్టుకునే శక్తి దీని ప్రత్యేకత. నికెల్ దాదాపు లేకుండా క్రోమియం మీదే ఆధారపడేది 430. ఇది అయస్కాంతానికి అంటుకుంటుంది, కారుచౌక కాకపోయినా చౌకే, వెల్డింగ్‌కు మాత్రం అంతగా లొంగదు. ఇక నాలుగోది 200 శ్రేణి. మన దేశంలో అసలు తగువంతా దీని చుట్టూనే.

గరివిడి నుంచి జె4 దాకా

నికెల్ ఖరీదైన లోహం. భారత్ తన అవసరాలకు దాదాపు పూర్తిగా దిగుమతుల మీదే ఆధారపడింది. దాని ధర కూడా కుదురుగా ఉండదు. 2007 మేలో లండన్ మెటల్ ఎక్స్చేంజిలో టన్ను 50,000 డాలర్లు దాటింది. 2022 మార్చి 8న ఏకంగా లక్ష డాలర్లు దాటడంతో ట్రేడింగే ఆపేయాల్సి వచ్చింది. ఇలాంటి సరుకును నమ్ముకుని గిన్నెలు చేయడం కష్టమని పరిశ్రమకు ఏనాడో తెలిసింది. 1950లలో నికెల్ కరువు వచ్చినప్పుడు అమెరికాలోనే 201, 202 అనే గ్రేడ్లు వాడుకలోకి వచ్చాయి. కిటుకు ఏమిటంటే నికెల్‌లో సగం తీసేసి, ఆ పని మాంగనీసు, నత్రజని చేత చేయించడం. 202లో నికెల్ 4 నుంచి 6 శాతం, మాంగనీసు 7.5 నుంచి 10 శాతం.

మాంగనీసు విషయంలో మాత్రం మన దేశానికి కొరత లేదు. భారత్‌లో మాంగనీసు తవ్వకం మొదలైందే 1890లలో, నాటి విశాఖపట్నం జిల్లాలో. అంటే నేటి విజయనగరం ప్రాంతంలో. గరివిడిలో 1950లలో ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం వెలిసింది ఆ ఖనిజాన్ని చూసుకునే. కొత్తవలస వైపు ఫెర్రోక్రోమ్ కొలుములు కూడా వచ్చాయి. క్రోమైట్ ఖనిజం ఒడిశాలోని సుకిందాలో ఉంది. విజయనగరాన్ని రాయ్‌పూర్‌తో కలిపే రైలు మార్గం 1931లోనే పూర్తయింది. స్టెయిన్‌లెస్‌కు కావలసిన ఇనుము, క్రోమియం, మాంగనీసు ఈ తూర్పు పట్టీలోనే దొరుకుతాయి. లేనిదల్లా నికెలే. ఇక మన తయారీదారులు 202 దగ్గరే ఆగుతారా? నికెల్‌ను ఒక శాతం దగ్గరికి దించి, షీటు గిన్నెగా వంగడానికి కాస్త రాగి కలిపి జె4 లాంటి రకాలు తెచ్చారు. పాత బట్టలు తీసుకుని స్టీలు సామాన్లిచ్చే వీధి వ్యాపారం నుంచి పెళ్లిళ్ల క్యాటరింగ్ దాకా ఈ కుటుంబమే రాజ్యమేలింది.

దీన్ని కల్తీ అనడం అన్యాయం. తక్కువ నికెల్ రకాలను గిన్నెలకు, వంటింటి సామగ్రికి వాడటానికి భారత ప్రమాణాల సంస్థ 2012లోనే ఐఎస్ 15997 పేరిట ప్రత్యేక ప్రమాణం ఇచ్చింది. నికెల్ ధర చుక్కలు చూస్తున్న రోజుల్లో కూడా సామాన్యుడి ఇంట్లో స్టీలు కంచం ఉందంటే ఆ ఘనత 200 శ్రేణిదే. చిక్కల్లా రెండు చోట్ల. మొదటిది, జె4లో నికెల్‌తో పాటు క్రోమియం కూడా 15-16 శాతానికి దిగుతుంది. అంటే పొర బలహీనం. రెండోది, దాన్ని 304 అని చెప్పి అమ్మడం. మొదటిది లోహం లక్షణం. రెండోదే మోసం.

జాడీకి తెలిసిన రహస్యం

ఏ డబ్బాకు ఏ స్టీలు అన్న ప్రశ్నకు జవాబు స్టాకిస్టు గోదాములో కాక డబ్బా లోపల ఉంటుంది. అందులో ఏం పోస్తారు? ఎంత పులుపు, ఎంత ఉప్పు? వేడిగానా, చల్లగానా? గంటలా, నెలలా? తర్వాత దేంతో కడుగుతారు?

తెలుగు వంటింటికి ఇది పాత పాఠమే. ఆవకాయ జాడీలోనే ఊరాలి, పప్పుచారు రాచ్చిప్పలో కాగాలి, కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పెరుగు తోడెయ్యకూడదు. కారణం చెప్పకుండా అమ్మమ్మలు పెట్టిన ఈ నియమాలను లెక్కల్లో చూస్తే ఇలా ఉంటుంది. మామూలు ఉష్ణోగ్రతలో నిలవ నీటికి 304 వాడాలంటే అందులో క్లోరైడ్ లీటరుకు సుమారు 200 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ఇంజనీర్లు పాటించే మోటు లెక్క. 316కి అది వెయ్యి దాకా. ఇప్పుడు ఆవకాయ సంగతి చూడండి. బరువులో పదో వంతు ఉప్పు అనుకుంటే కిలోకు 100 గ్రాముల ఉప్పు, అందులో క్లోరైడ్ 60 గ్రాములు. అంటే 60,000 మిల్లీగ్రాములు. 304 హద్దుకు 300 రెట్లు, 316 హద్దుకు 60 రెట్లు. పైగా మామిడి పులుపు. నూనె కొంత అడ్డుపడుతుంది కానీ అడుగున చేరే ఉప్పునీటిని ఆపలేదు. క్లోరైడ్ ఆ సన్నటి పొరను అంతటా ఒకేసారి తినదు. ఒక బిందువు దగ్గర తూట్లు పొడిచి, అక్కడి నుంచి లోపలికి తవ్వుకుంటూ పోతుంది. పైకి సూదిమొనంత నల్లచుక్క, కింద గుంట.

కాబట్టి పచ్చళ్ల వ్యాపారి ‘మంచి స్టీలు’ డ్రమ్ము అడిగితే నిజాయతీగా చెప్పవలసిన మాట ఒకటే. ఏడాది పాటు నిల్వకు స్టీలు వద్దు. గాజు, పింగాణీ లేదా ఆహారానికి తగిన ప్లాస్టిక్ డ్రమ్ములు చాలు. కలిపే తొట్టికి, గరిటెలకు, పూట చివర కడిగి ఆరబెట్టే పాత్రలకు 316 సరిపోతుంది.

చింతపండు గుజ్జు కథ వేరు. పులుపు దానికి దండిగా ఉంది, అది టార్టారిక్ ఆమ్లం పుణ్యం. ఉప్పు మాత్రం కలిపితే తప్ప ఉండదు. క్లోరైడ్ లేని పులుపును 304 బాగానే ఓర్చుకుంటుంది. గుజ్జును కాచి చిక్కబరిచే చోట, అంటే వేడి, పులుపు కలిసి దాడి చేసే చోట 316 పెట్టుకోవడం తెలివైన ఖర్చు. అదే పని జె4తో చేయిస్తే గుజ్జుకు ఇనుప రుచి, రంగుకు నలుపు వచ్చే ప్రమాదం ఉంది. తేనె కూడా ఆమ్లమే, కానీ నీరు తక్కువ, ఉప్పు లేదు. 304 చాలు. శుద్ధి చేసిన తవుడు నూనెకు తుప్పు భయం అసలే తక్కువ. అక్కడ చూడవలసింది వేరు: ఇనుము, రాగి అణుమాత్రంగా కలిసినా నూనె త్వరగా కంపు కొడుతుంది. పిండి, పంచదార, పప్పుల్లాంటి పొడి సరుకుకు 202 లేదా 430 వాడితే తప్పేమీ లేదు. అక్కడ 316 అడగడం డబ్బు దండగ.

అన్నింటికన్నా ఆసక్తికరమైనది పాల క్యాన్. పాలలో క్లోరైడ్ లీటరుకు దాదాపు ఒక గ్రాము. నీటి లెక్కన చూస్తే 304 చేతులెత్తేయాలి. అయినా డెయిరీల్లో ట్యాంకర్లు, బల్క్ కూలర్లు 304తోనే నడుస్తున్నాయి. కారణం పాలు దాదాపు తటస్థం, చల్లగా ఉంటాయి, కొన్ని గంటల్లో ఖాళీ అవుతాయి, వెంటనే కడుగుతారు. కాలం, వేడి, పులుపు మూడూ లోహం పక్షానే ఉన్నాయి. నిజానికి పాల క్యాన్‌ను పాడుచేసేది పాలకన్నా కడుగుడు నీళ్లు. బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీటిని రాత్రంతా క్యాన్‌లో వదిలేస్తే పాలు పదేళ్లలో చేయని పని అది కొద్ది వారాల్లో చేస్తుంది. మూత కింది అంచు, అడుగు అతికిన సందు, నీరు నిలిచే ప్రతి మూలా దానికి తలుపే.

ఒక్కసారి వాడి పారేసే డబ్బాలకు స్టెయిన్‌లెస్ ఎందుకు వాడరని ఎవరైనా అడగవచ్చు. ధర. రసగుల్లా డబ్బా, మామిడి గుజ్జు డబ్బా తగరం పూత, లోపల లక్క పూత ఉన్న మామూలు స్టీలు రేకు. స్టెయిన్‌లెస్‌కు అర్థం ఉండేది వెళ్లి తిరిగొచ్చి, కడిగి, మళ్లీ నింపే చోటే. మధ్యాహ్న భోజనాన్ని బళ్లకు మోసే డబ్బాల మాదిరి.

రాత్రికి రాత్రి పగిలే గిన్నె

చౌక గ్రేడుకు మరో అవలక్షణం ఉంది. లోతైన పాత్రను ప్రెస్ మీద లాగి చేస్తారు. అలా లాగినప్పుడు 304 సాఫీగా సాగుతుంది. నికెల్ బాగా తగ్గిన 200 రకాలు కూడా అప్పటికి సాగినట్టే కనిపిస్తాయి. ప్రెస్ నుంచి వచ్చినప్పుడు నిక్షేపంగా ఉన్న గిన్నె కొన్ని గంటలకో, కొన్ని రోజులకో ఎవరూ ముట్టుకోకుండానే అంచు నుంచి నిలువునా చీలుతుంది. లోపల బిగబట్టిన ఒత్తిడి, లాగినప్పుడు మారిన స్ఫటిక నిర్మాణం, చిక్కుకున్న హైడ్రోజన్ కలిసి చేసే పని ఇది. పరిశ్రమలో దీనికి డిలేడ్ క్రాకింగ్ అని పేరు. గోదాములో పగిలితే తయారీదారుకు నష్టం. పాలతో నిండి లారీలో ఉన్నప్పుడు పగిలితే? జుట్టంత సన్నటి చీలిక అయితే ఇంకా ప్రమాదం. అందులో చేరిన పాలమీగడను ఏ బ్రష్షూ చేరలేదు, సూక్ష్మజీవులు మాత్రం చేరతాయి.

అయస్కాంతం అబద్ధమాడుతుంది

బజారులో అందరికీ తెలిసిన పరీక్ష అయస్కాంతం. అంటుకుంటే నకిలీ, అంటుకోకపోతే 304. ఈ నమ్మకం ఎంత గట్టిదో అంత తప్పు. 200 శ్రేణి కూడా అయస్కాంతానికి అంటుకోదు. అంటే 304 పేరుతో జె4 అమ్మేవాడికి ఈ పరీక్ష శత్రువు కాదు, స్నేహితుడు. మరోవైపు అసలైన 304ను వంచి, లాగి గిన్నె చేస్తే మూలల దగ్గర కొద్దిగా అంటుకుంటుంది. దాన్ని చూసి మంచి సరుకు తిప్పి పంపేవారూ ఉంటారు. 430ను మాత్రమే అయస్కాంతం నిజాయతీగా పట్టిస్తుంది.

ఇంతకన్నా నమ్మదగిన చౌక పరీక్ష మాంగనీసు చుక్క. షీటు మీద ఒక చుక్క రసాయనం వేసి, తొమ్మిది వోల్టుల బ్యాటరీ తాకిస్తే మాంగనీసు ఎక్కువున్న 200 శ్రేణి మీద చుక్క ఎర్రబడుతుంది. 304 మీద రంగు అంతగా మారదు. 316ను 304 నుంచి వేరు చేయడానికి మాలిబ్డినం చుక్క ఉంది. పరీక్ష అయ్యాక ఆ చోటు శుభ్రంగా కడగాలన్నది వేరే చెప్పనక్కర్లేదు. ఇంకా కచ్చితంగా కావాలంటే ఎక్స్‌రే గన్. పిస్తోలు లాంటి ఆ పరికరాన్ని షీటుకు ఆనిస్తే కొన్ని సెకన్లలో క్రోమియం ఎంత, నికెల్ ఎంత, మాంగనీసు ఎంతో చెబుతుంది. కార్బన్ మాత్రం దానికి దొరకదు. అందుకే అన్నింటికన్నా ముందు అడగవలసింది మిల్లు ఇచ్చే టెస్ట్ సర్టిఫికెట్. అందులోని హీట్ నంబరు, షీటు మీది హీట్ నంబరు ఒకటే కావాలి. సగం షీటు కోసి తీసుకున్నప్పుడు ఆ నంబరున్న ముక్క స్టాకిస్టు దగ్గరే ఉండిపోతుంది. చిన్న షాపులకు దారి తప్పేది అక్కడే.

నల్లపొడి పగ

సరైన షీటు వచ్చిందనుకున్నా భన్‌పురిలో అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. ఇక్కడి గాలిలో, నేల మీద, బల్ల మీద, పనివాడి చేతి తొడుగు మీద ఉన్నది మైల్డ్ స్టీలు పొడి. నిన్న యాంగిల్ కోసిన గ్రైండింగ్ చక్రంతో ఈరోజు 304 అతుకు సాపు చేస్తే ఆ పొడి మెత్తటి స్టెయిన్‌లెస్‌లోకి గుచ్చుకుంటుంది. పక్క షెడ్డులో ఎగిరిన నిప్పురవ్వ వచ్చి పడినా అంతే. తడి తగిలిన మర్నాడే గోధుమరంగు చుక్కలు లేస్తాయి. కొన్నవాడు స్టాకిస్టును తిడతాడు, స్టాకిస్టు మిల్లును. గ్రేడు నిర్దోషి. తుప్పు పట్టింది స్టెయిన్‌లెస్ కాదు, దాని మీద అంటుకున్న పరాయి ఇనుము. అయితే అక్కడితో ఆగదు. ఆ చుక్క కింద పొర అల్లుకోలేదు కాబట్టి కొన్నాళ్లకు గుంట నిజంగానే పడుతుంది.

దీనికి మందు ఖరీదైనది కాదు, క్రమశిక్షణతో కూడినది. స్టెయిన్‌లెస్‌కు విడి గది, విడి చక్రాలు, స్టెయిన్‌లెస్ తీగ బ్రష్షులు, ఇనుప బల్ల మీద చెక్క లేదా రబ్బరు పరుపు. ఎత్తడానికి గొలుసుకు బదులు నాడా. గేట్లు చేసే షాపులో ఒక మూల స్టెయిన్‌లెస్ చేస్తామంటే ఒప్పుకోకూడదు. పరాయి ఇనుము ఉందో లేదో చూడటానికి రసాయనాలు ఉన్నా ఆహారం తగిలే చోట వాటిని వాడటం మంచిది కాదు. డ్రమ్ము లోపల మంచినీటితో తడిపి ఒక రోజు తడి ఆరకుండా ఉంచితే చాలు. తుప్పు చుక్క లేస్తే తిప్పి పంపవచ్చు. పైసా ఖర్చు లేని పరీక్ష.

వెల్డింగ్ రెండో గండం. అతుకు పక్కన లోహం 450 నుంచి 850 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంటే కార్బన్ వెళ్లి క్రోమియంతో జతకడుతుంది. ఆ చుట్టుపక్కల పొర అల్లడానికి క్రోమియం మిగలదు. అందుకే అతుకులున్న డ్రమ్ములకు, ట్యాంకులకు కార్బన్‌ను 0.03 శాతానికి కట్టడి చేసిన 304ఎల్, 316ఎల్ వాడతారు. అతుకు వెనక వైపు కూడా ఆర్గాన్ వాయువు నింపి చేయకపోతే లోపల నీలం, గోధుమ రంగుల చారలు మిగులుతాయి. ఇంద్రధనుస్సులా చూడటానికి బాగున్నా అది కాలిన చర్మం. తీసేయాల్సిందే. తీయడానికి నైట్రిక్, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాల మిశ్రమం పూస్తారు. రెండోది చాలా ప్రమాదకరం. చర్మం మీద పడితే వెంటనే మంట తెలియకపోవచ్చు, లోపలికి ఇంకి ఎముకల దాకా పోతుంది. తొడుగులు, కాల్షియం గ్లూకొనేట్ జెల్ లేని షాపులో ఆ డబ్బా మూత తెరవకూడదు. కడిగిన నీళ్లను సున్నంతో చల్లార్చకుండా కాలువలోకి వదిలితే అవి చేరేది రాయ్‌పూర్ తాగే ఖారూన్ నదికే. పొరను మళ్లీ పటిష్టం చేయడానికి సిట్రిక్ ఆమ్లంతో చేసే పద్ధతి కూడా ఉంది. చిన్న షాపులకు అదే మేలు. చివరగా నునుపు. పాలు తగిలే తలానికి 0.8 మైక్రాన్ల కన్నా గరుకు ఉండకూడదన్నది డెయిరీ పరిశ్రమ పాటించే హద్దు. బయట అద్దంలా మెరిపించి లోపల అతుకు గరుకుగా వదిలేసిన డ్రమ్ము అలంకారానికి తప్ప పనికిరాదు.

ఒంట్లోకి ఎంత?

ఇంత హడావుడి అవసరమా? స్టీలు గిన్నెలో తిని ఎవరైనా పోయారా? ప్రశ్న సబబే. స్టెయిన్‌లెస్ విషపు లోహం కాదు. ఏ గ్రేడైనా సరిగ్గా వాడితే ఆహారంలోకి దిగేది అతి స్వల్పం. అయినా సున్నా కాదు. అమెరికాలోని ఓరెగాన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2013లో టమాటా సాస్‌ను వేర్వేరు గ్రేడ్ల స్టెయిన్‌లెస్‌తో గంటల తరబడి ఉడికించి చూశారు. కొత్త లోహం నుంచి ఎక్కువ దిగింది, వాడే కొద్దీ తగ్గింది. పదోసారి వండిన తర్వాత కూడా 126 గ్రాముల సాస్‌లో సగటున 88 మైక్రోగ్రాముల నికెల్, 86 మైక్రోగ్రాముల క్రోమియం ఉన్నాయి. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2020లో నిర్ణయించిన హద్దు ప్రకారం 60 కిలోల మనిషి రోజుకు 780 మైక్రోగ్రాముల నికెల్ దాకా తట్టుకోగలడు. కాబట్టి ఆ సాస్ తిన్నవాడికి భయం లేదు. అప్పటికే నికెల్ ఎలర్జీ ఉన్నవారి సంగతి వేరు. చెవిదుద్దులకే చర్మం ఎర్రబడే వారికి ఆహారంలో వచ్చే కొద్దిపాటి నికెల్ కూడా దద్దుర్లు తెప్పించవచ్చు.

ప్యాకేజింగ్ విషయంలో యూరప్ మరింత కఠినం. కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2013 మార్గదర్శకాల్లో కిలో ఆహారంలోకి లోహం నుంచి దిగే నికెల్ 0.14 మిల్లీగ్రాములు, క్రోమియం 0.25, మాంగనీసు 1.8 దాటకూడదని రాశారు. పులుపు ఆహారానికి బదులు సిట్రిక్ ఆమ్లం పోసి కొలుస్తారు. ఇటలీ అయితే 1973 నుంచే ఆహారానికి తగిలే స్టెయిన్‌లెస్ గ్రేడ్ల జాబితాను చట్టంలోనే పెట్టింది. అక్కడికి సరుకు పంపాలనుకునే భారతీయ తయారీదారుకు ‘ఫుడ్ గ్రేడ్’ అనే ముద్ర ఎందుకూ పనికిరాదు. గ్రేడు సంఖ్య, పరీక్ష ఫలితం కావాలి.

మన దేశంలోనూ పట్టు బిగుస్తోంది. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018 డిసెంబరులో ప్యాకేజింగ్ నిబంధనలు జారీ చేసి, ఏ లోహానికి ఏ భారత ప్రమాణం వర్తిస్తుందో జాబితా ఇచ్చింది. తుప్పు పట్టిన డబ్బాలు, పూత పోయిన ఎనామెల్ పాత్రలు, కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలు ఆహారానికి తగవని కల్తీ నిరోధక నియమాల కాలం నుంచీ ఉన్న మాటే. 2024 మార్చి 14న కేంద్ర పరిశ్రమల శాఖ మరో అడుగు వేసి స్టెయిన్‌లెస్, అల్యూమినియం వంటపాత్రలకు ఐఎస్ఐ ముద్రను తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. స్టెయిన్‌లెస్ పాత్రలకు వర్తించేది ఐఎస్ 14756. పెద్ద బ్రాండ్లకు ఇది కొత్త కాదు. వీధి చివర షెడ్డులో నలుగురితో నడిచే షాపుకు మాత్రం లైసెన్సు, పరీక్షశాల, రికార్డులు అంటే భారమే. ఆర్డరిచ్చే వాడు ధర ఒక్కటే చూసినంత కాలం ఆ భారాన్ని మోయడానికి ఎవరూ ముందుకు రారు.

ఆ ఆర్డరు కాగితం మీద రాయవలసింది ఎక్కువేమీ లేదు. లోపల పోసే సరుకు ఏమిటి, ఎన్నాళ్లు ఉంటుంది, ఎంత వేడి, దేంతో కడుగుతారు. ఉదాహరణకు ఉప్పు కలపని చింతపండు గుజ్జు, గది ఉష్ణోగ్రతలో మూడు నెలలు, వేడినీళ్లతో కడుగుడు: 304ఎల్, లోపలి అతుకులు నునుపు చేసి ఆమ్లశుద్ధి, హీట్ నంబరుతో మిల్లు సర్టిఫికెట్, నిండా తడిపి ఒక రోజు పరీక్ష. నాలుగు పంక్తులు. వీటిలో ఒక్కటి రాసినా ‘ఫుడ్ గ్రేడ్’ అన్న మాట అవసరం ఉండదు.

విచిత్రమేమిటంటే ఈ లెక్క అందరికన్నా బాగా వచ్చినవాడు తుక్కు కొనే వ్యాపారి. పదేళ్లు వాడి నలిగిన డ్రమ్ము అతని తూకం దగ్గరికి వచ్చినప్పుడు మెరుపు చూడడు, స్టిక్కర్ చదవడు. ఒక మూల రుద్ది, చుక్క వేసి, బ్యాటరీ ఆనిస్తాడు. ఎర్రబడితే ఒక రేటు, ఎర్రబడకపోతే మరో రేటు. అందులో ఎంత నికెల్ ఉందో అంత డబ్బు.